మేనేజరుగారికి పూటకెంత

మార్చి 4

పిడుగూ,

నీ కుక్క క్షేమంగా చేరింది. మేమూ క్షేమమే. మెట్ల మీద ఎదురైన వాళ్లంతా ముందు దాన్ని పలకరించి ఆ తర్వాతే మమ్మల్ని పలకరిస్తున్నారు కాబట్టి నేనూ అదే వరుసలో రాస్తున్నాను.

వ్యాను డ్రైవరు పన్నెండుంపావుకి దించి వెళ్లాడు. సామాను: పరుపు ఒకటి, గిన్నెలు రెండు, తాడు ఒకటి, మేత సంచి ఒకటి. టీకాల కాగితం ఉంది. దువ్వెన ఉందని రాశావు, లేదు.

దానికి మేనేజరు అని ఎందుకు పేరు పెట్టావో రెండు గంటల్లో తెలిసింది. ఏ పనీ చేయదు, అందరి పని దగ్గరికీ వచ్చి నిలబడుతుంది. ఎవరైనా తినబోతే తనకి చెప్పకుండా ఎలా మొదలుపెట్టారన్నట్టు చూస్తుంది. బరువు చూశాను. బాత్‌రూమ్ తూకం మీద ముందు నేనొక్కదాన్నే ఎక్కాను, తర్వాత దాన్నెత్తుకుని ఎక్కాను, తీసివేత చేశాను. పది కిలోల రెండు వందల గ్రాములు. నా బరువు నీకు అనవసరం.

ఇక మీ తాతయ్య. జనవరిలో వచ్చిన ఆ జ్వరం పోతూపోతూ యాభై ఎనిమిది కిలోల మనిషిలోంచి ఏడు కిలోలు పట్టుకుపోయింది. డాక్టరు ఎప్పుడు వెళ్లినా ఒకటే మాట. "ఆయనకి మందులక్కర్లేదమ్మా, తిండి కావాలి. ఇలాగే తగ్గుతూ పోతే మళ్లీ మంచాన పడతారు, ఈసారి లేవడం కష్టం." ముప్పై ఏళ్లు హాస్టల్లో రోజుకి మూడు వందల మందికి వండిపెట్టిన మనిషికి అన్నం తినమని చెప్పడానికి డాక్టరు కావాల్సి వచ్చాడు. కుక్క ఉంటే నడుస్తారు, నడిస్తే ఆకలేస్తుంది అని నువ్వన్నావు. చూద్దాం.

ఒక విషయం తేల్చి చెప్పు. ఇవాళ భోజనం దగ్గర ఆయన తన కంచంలోంచి తీసి దానికి పెట్టారు. నేను ముప్పై ఎనిమిదేళ్లు ఆస్పత్రి మందుల గదిలో పనిచేశాను, చీటీ లేకుండా ఎవరి చేతికీ ఏదీ ఇవ్వలేదు. కాబట్టి చీటీ పంపు. మేత ఎంత, పూటకా రోజుకా, మన కంచంలోది పెట్టొచ్చా, పెడితే ఎంత.

నువ్వు జులై దాకా ఉద్యోగం చేసే ఆ ద్వీపంలో చలి ఎక్కువని విన్నాను. మేజోళ్లు రెండు జతలు పంపాను. ఒక జత వేసుకుని ఇంకో జత దాచుకోకు. రెండూ వేసుకో.

అమ్మమ్మ


మార్చి 13

అమ్మమ్మా,

మేజోళ్లు రెండూ ఒకదాని మీద ఒకటి వేసుకునే రాస్తున్నాను. ఇక్కడ వాతావరణ కేంద్రంలో మేం ఐదుగురం. గాలి ఎటు వీస్తోందో కొలిచి పట్టణానికి చెబుతాం, గాలి మమ్మల్ని పట్టించుకోకుండా తన దారిన తను వీస్తుంది. ఫోను వాతావరణం కబుర్లకి తప్ప ఇవ్వరు. పడవ పది రోజులకొకసారి వస్తుంది, అందులో నీ ఉత్తరం రావడం చూసి అందరూ కుళ్లుకుంటున్నారు. మా స్టేషన్ పెద్దాయన వంతు వచ్చినప్పుడు వండుతాడు. డబ్బా చేపని ఇంకోసారి చంపుతాడు.

నీ చీటీ ఇదిగో. సంచి వెనకాల పట్టిక ఉంటుంది. వాడి బరువును బట్టి ఎంత పెట్టాలో అందులో రాసి ఉంది. అది చూసి పెట్టు. రోజు మొత్తానికి ఉన్న లెక్క అది, రెండు పూటలుగా పంచు.

కంచంలోది మాత్రం వద్దు. కొంచెం పెడితే పర్వాలేదని పుస్తకాల్లో ఉంది, నేనూ కాదనను. కానీ తాతయ్య దగ్గర "కొంచెం" అనే మాట వాడకూడదు. ఆయన కొంచెం అంటే హాస్టల్ గరిటెడు. పైగా ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ కుక్కలకి విషం. ఉల్లిపాయ లేకుండా తాతయ్య మంచినీళ్లు కూడా కాచరు.

వాడిని "అది" అనకు అమ్మమ్మా, మనసు నొచ్చుకుంటాడు. తాతయ్య తింటున్నారా? అది ముందు రాయి.

నీ పిడుగు


మార్చి 24

పిడుగూ,

తాతయ్య సంగతి ముందు రాయమన్నావు. యాభై ఒకటీ నాలుగు వందలు. అంటే నాలుగు వందల గ్రాములు పెరిగారు. అందులో జేబులో ఉన్న తాళంచెవులు ఎంతో తెలియదు, ఇకనుంచి జేబులు ఖాళీ చేయించి ఎక్కిస్తాను.

పట్టిక దొరికింది. సంచి మడతలో ఉంది. చక్కగా వేశారు. పది కిలోలకి నూట డెబ్బై గ్రాములు, పదకొండుకి నూట ఎనభై మూడు, పన్నెండుకి నూట తొంభై ఐదు, పదమూడుకి రెండు వందల ఏడు. పసిపిల్లల సిరప్పులకి మేం వాడింది సరిగ్గా ఇలాంటిదే. బరువు మారితే మోతాదు మారాలి, పాత బరువు లెక్కన మందు ఇచ్చిన కాంపౌండరుతో నేనొకసారి మూడు రోజులు మాట్లాడలేదు. కాబట్టి ప్రతి ఆదివారం ఉదయం తూస్తున్నాను, కొత్త మోతాదు కట్టి సోమవారం నుంచి పెడుతున్నాను.

మొన్న ఆదివారం పదకొండు కిలోల మూడు వందలు. ఇరవై రోజుల్లో కిలో పైన. కారణం కోసం ఎక్కువ వెతకనక్కర్లేకపోయింది. వంటగదిలోకి వెళితే మీ తాతయ్య గిన్నెలోంచి చెంచాతో కూర తీసి, ఊది చల్లార్చి, అరచేతిలో వేసి దానికి నాకిస్తున్నారు. వంగి దాని మొహంలోకి చూస్తున్నారు కూడా.

"ఏం చేస్తున్నారు?" అన్నాను.

"ఏం లేదు. మేనేజరుగారు తనిఖీకి వచ్చారు."

"అందులో ఉల్లిపాయలున్నాయి."

"ఏరేశాను."

"రసం ఏరగలరా?"

"కాంపౌండరుగారు మాత్రం ఏమైనా ఏరగలరు" అన్నారు. నేను ఫార్మసిస్టునని, కాంపౌండరుని కాదని ఆయనకి తెలుసు. కోపం వచ్చినప్పుడే మర్చిపోతారు.

కుక్కని నడకకి దించుతూ మెట్ల మీద కూడా ఇదే వాదన, అది కింది కళ్లజోళ్ల షాపాయన చెవిన పడింది. ఆయనకి ప్రతిదాని మీదా ఒక అభిప్రాయం ఉంటుంది. "మా కుక్క పద్నాలుగేళ్లు మా ఇంట్లో మిగిలిందే తిని బతికిందండీ. అప్పుడు ఈ సంచుల మేత ఎవరు చూశారు?" అన్నాడు. చివరికి ఎలా పోయిందని అడిగాను. "కళ్లు కనపడక మెట్ల మీంచి పడి" అన్నాడు. కళ్లజోళ్ల షాపు పెట్టుకుని కూడానా అని నేననలేదు. మీ తాతయ్య అన్నారు. షాపాయన నవ్వాడు, నేను పైకి వచ్చేశాను.

నిర్ణయం తీసుకున్నాను. వంట జరిగినంతసేపూ వంటగది తలుపు మూసి ఉంటుంది. కుక్క బాల్కనీలో తింటుంది, మనుషులు బల్ల దగ్గర తింటారు. నిషేధించిన పదార్థాల జాబితా ఫ్రిజ్ మీద అంటించాను. మీ తాతయ్య దాని కింద పెన్సిల్‌తో "సంతోషం" అని చేర్చారు. చెరిపేశాను.

ఈ వారం మోతాదు నూట ఎనభై ఏడు.

అమ్మమ్మ


ఏప్రిల్ 3

అమ్మమ్మా,

నీ ఉత్తరం పైకి చదివాను. మా పెద్దాయన గాలి లెక్క రాయడం మానేసి విన్నాడు. ఆ గంటకి సముద్రం మీద గాలి లేనట్టే పట్టణంలో రాసుకున్నారు.

కానీ కిలో పైన అంటే నవ్వే విషయం కాదు. పది కిలోల కుక్కకి కిలో అంటే నీకు ఆరు కిలోలు. (నీ బరువు నాకు తెలుసు, ఫ్రిజ్ పక్కన వేలాడే నీ పుస్తకంలో చూశాను.) వాడి తుంటి ఎముక అసలే బలహీనం, లావైతే మెట్లెక్కలేడు. నువ్వు చేసిందే సరైన పని. తాతయ్యకి ఒక చీటీ రాస్తున్నాను, బల్ల దగ్గర చదివి వినిపించు.

"తాతయ్యా, మూడు వందల మందిని బతికించావు, వీడినొక్కడినీ చంపకు. నీ వంట బాగుందని చెప్పడానికి కుక్క అక్కర్లేదు. అసలు జ్వరం పడి లేచావు, నీకింకా పొయ్యి దగ్గర పనేంటి? చాలు, ఇక వంట మానెయ్. అమ్మమ్మని వండనీ. నువ్వు హాయిగా కూర్చుని తిను. ఇది ఆర్డరు. పిడుగు."

ఇలా గట్టిగా చెబితేనే వింటారు. ఇక వాడు తగ్గుతాడు చూడు.

నీ పిడుగు


ఏప్రిల్ 14

పిడుగూ,

తగ్గలేదు. పన్నెండు కిలోల నాలుగు వందలు. మోతాదు రెండు వందలు.

నీ చీటీ బల్ల దగ్గర చదివాను. మీ తాతయ్య మొత్తం విన్నారు. లేచి వెళ్లి ఏప్రన్ నాలుగు మడతలు పెట్టి అలమారాలో పెట్టారు. రెండు రోజులు నేను వండాను. మూడో రోజు ఆయనే ఏప్రన్ తీసుకుని వంటగదిలోకి వెళ్లారు. నా వంట గురించి నాకు భ్రమలు లేవు, ఆపలేదు.

అయితే ఆయన పగ పట్టారని నాకు అర్థమైంది. మంగళవారం పులుసులో ఉప్పు లేదు. బుధవారం ఉప్పే ఉంది, పులుసు లేదు. శుక్రవారం ఆ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుందనుకున్నాను, మాడింది. ముప్పై ఏళ్లు చేతి అంచనాతో వండిన మనిషి పొరపాటున ఇలా వండరు. కావాలనే చేస్తున్నారని, కుక్కకి పెట్టనివ్వలేదు కాబట్టి నాకు పెడుతున్నారని అనుకున్నాను. నేను ఒక్క మాట అనకుండా అంతా తిన్నాను. నాతో ఎవరూ పోటీ పడలేరు.

కుక్క మాత్రం బరువు పెరుగుతూనే ఉంది కాబట్టి దొంగతనంగా పెడుతున్నారన్నది ఖాయం. కోటు జేబులు చూశాను, రొట్టె ముక్క కూడా దొరకలేదు. సోఫా దిండ్ల కింద చూశాను. చివరికి గురువారం బీట్‌రూట్ కొనుక్కొచ్చి ఇదే వండమన్నాను. ఎవరు తింటే వాళ్ల మూతి ఎర్రబడుతుంది కదా. భోజనం వేళకి నేను బజారు పని పెట్టుకుని గంటన్నర బయటికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి సగం గిన్నె ఖాళీ. కుక్కని పట్టుకుని మూతి చూశాను. గడ్డం కింద తెల్ల వెంట్రుకలు తెల్లగానే ఉన్నాయి. నాలుక చూశాను. పళ్ల సందులు చూశాను. తడి దూది పెట్టి తుడిచి దూది కూడా చూశాను. పాదాలు సైతం శుభ్రంగా ఉన్నాయి. కడిగి ఉంటారా అని బాత్‌రూమ్‌లో తువ్వాళ్లు చూశాను, పొడిగా ఉన్నాయి. మీ తాతయ్య పెదాలు కూడా మామూలుగానే ఉన్నాయి.

మనిషి తెలివి మీరిపోయారు. ఎలా చేస్తున్నారో ఈ వారంలో తేలుస్తాను.

ఆయన బరువు యాభై, జేబులు ఖాళీ చేయించాక. నడకకి వెళ్లనంటున్నారు. కాళ్లు లాగుతున్నాయట.

అమ్మమ్మ


ఏప్రిల్ 23

అమ్మమ్మా,

ఈ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించలేదు.

కుక్క మూతి గురించి పది వాక్యాలు రాశావు. పాదాల గురించి కూడా రాశావు. తాతయ్య పెదాల గురించి ఒక్కటి. అవి ఎర్రగా లేవంటే ఆయన తినలేదని కదా అమ్మమ్మా. నువ్వు బజారుకి వెళ్లిన గంటన్నరలో కుక్క తినలేదు, తాతయ్య తినలేదు. నువ్వు మాత్రం కుక్క పళ్ల సందులు చూశావు.

యాభైకి దిగారు. డాక్టరు ఏమన్నాడో నువ్వే రాశావు, నేను మళ్లీ రాయను. ఎందుకు తినడం లేదని అడిగావా? అడగడమంటే నిలదీయడం కాదు.

వాడి వల్లే ఇంట్లో ఇంత గొడవైతే వాడిని పంపించెయ్. మన పట్టణంలో కుక్కల హాస్టల్ ఒకటుంది, నేను డబ్బు కడతాను. జులైలో నేను వచ్చేదాకా అక్కడే ఉంటాడు. నాకు వాడు కావాలి, కానీ తాతయ్య అంతకన్నా కావాలి. ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది, గాలి వల్ల అని పక్కవాళ్లకి చెప్పాను.

కోపంగా రాశానని అనుకోకు. కోపంగానే రాశాను.

పిడుగు


మే 5

పిడుగూ,

ఈ ఉత్తరం పెద్దది. కూర్చుని చదువు.

నీ కోపం సరైనదే. అది ముందు నమోదు చేస్తున్నాను.

కుక్కల హాస్టల్లో చేర్చుకోవాలంటే పశువుల డాక్టరు చీటీ కావాలన్నారు. ముగ్గురం వెళ్లాం. మీ తాతయ్య రానన్నారు, మేనేజరు ఆయన లేకుండా గుమ్మం దాటనన్నాడు, అందువల్ల వచ్చారు. డాక్టరు చిన్నపిల్ల, నీకన్నా రెండు మూడేళ్లు పెద్దదేమో. తూచింది. పదమూడు కిలోల వంద. "ఏం పెడుతున్నారమ్మా?" అంది. తూకాలు, మోతాదులు రాసుకున్న నా పుస్తకం ఇచ్చాను. ఎవరూ నా పుస్తకం అంత శ్రద్ధగా చదవలేదు. మొదటి పేజీ నుంచి చదివి, వెనక్కి తిప్పి మళ్లీ చదివింది.

"ప్రతి వారం మోతాదు పెంచారా?"

"బరువు పెరిగింది కాబట్టి పెంచాను."

"మీరు పెంచారు కాబట్టి బరువు పెరిగిందమ్మా."

అర్థం కాలేదన్నాను. ఆ పట్టికలో బరువంటే కుక్క ఉండాల్సిన బరువట, ఉన్న బరువు కాదట. లావైన కుక్కకి ఆ లావుని బట్టి పెడితే అది ఇంకా లావవుతుందట. అప్పుడు పట్టిక ఇంకా పెట్టమంటుందట. మొదటి కిలో మీ తాతయ్య చెంచా పుణ్యం కావచ్చు, మిగతా రెండు కిలోలూ నావే. గ్రాము తేడా లేకుండా, ఆదివారం ఆదివారం తూచి మరీ పెట్టినవి. నిద్రలో తప్పు చేసే మనుషులుంటారు. నేను కళ్లజోడు పెట్టుకుని చేశాను.

మీ తాతయ్య గోడ మీద అంటించిన పిల్లి బొమ్మనే చూస్తూ కూర్చున్నారు. భుజాలు కదులుతున్నాయి. మనిషికి బాగాలేదేమో అని దగ్గరికి వెళ్లాను. నవ్వుతున్నారు. జనవరి తర్వాత ఆయన నవ్వు అదే మొదటిసారి వినడం. డాక్టరు పిల్ల కూడా మొదలెట్టింది. నేను రసీదు తీసుకుని బయటికి వచ్చాను.

బయట చెక్క బెంచీ ఉంది. ముగ్గురం కూర్చున్నాం. క్షమించమనే మాట నలభై ఒక్క ఏళ్ల కాపురంలో నాకు అలవాటు కాలేదు కాబట్టి "నా మోతాదు తప్పు" అన్నాను. "నెల రోజుల నుంచీ మిమ్మల్ని దొంగలా చూశాను. మీ జేబులు కూడా చూశాను."

"కుడి జేబు చిరుగు చూశావా? కుట్టలేదే?" అన్నారు.

నువ్వు అడగమన్నట్టే అడిగాను, నిలదీయకుండా. అంటే నేల వైపు చూస్తూ అడిగాను. "కుక్కకి పెట్టలేదు. మీరు తినలేదు. ఆ బీట్‌రూట్ కూర ఏమైంది?"

"కింది కళ్లజోళ్లాయనకిచ్చాను."

"ఎందుకు?"

"ఎలా ఉందో చెబుతాడని."

"మీకు తెలియదా ఎలా ఉందో?"

మేనేజరు ఆయన బూటు మీద గడ్డం ఆనించి పడుకున్నాడు. ఆ బూటుతోనే చెబుతున్నట్టు చెప్పారు. జ్వరం తగ్గినప్పటినుంచీ ఆయనకి రుచి తెలియడం లేదట. వాసన అసలే లేదట. ఏది నమిలినా తడి కాగితం నమిలినట్టు ఉందట. ఉప్పు వేశారో లేదో వేసిన చేతికే గుర్తుండాలి, నోటికి తెలియదు. ముప్పై ఏళ్లు నాలుకని నమ్ముకుని బతికిన మనిషి.

"నాలుగు నెలల నుంచీనా? నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే మందిస్తావు."

అది నిజమే.

అప్పుడు తెలిసింది, మార్చిలో గిన్నె దగ్గర వంగి ఆయన కుక్క మొహంలోకి ఎందుకు చూశారో. వాడికి నచ్చిందో లేదో చూసి, బాగా కుదిరిందని నమ్మి, ఆ ధైర్యంతో తనూ వడ్డించుకునేవారట. ఎదురుగా ఒకడు ఆత్రంగా తింటుంటే తనకీ నాలుగు ముద్దలు దిగేవట. నేను తలుపు మూశాను. ఆ తర్వాత ఏం వండుతున్నారో ఆయనకే తెలియలేదు. నేను పగ అనుకున్న ఉప్పంతా అదే. తెలియని వంటని నోట్లో పెట్టుకోవడానికి ఆయనకి భయం వేసిందట. ఇక నువ్వు వంట మానెయ్ అని రాసేసరికి అందరికీ తెలిసిపోయిందని, తన పని అయిపోయిందని అనుకున్నారు. నువ్వు ప్రేమతో రాశావు. నేను గట్టిగా చదివాను. తప్పులో సగం చదివిన గొంతుదే.

"వాడు సబ్బు కూడా తింటాడండీ" అన్నాను. "మొన్న సగం బిళ్ల తిన్నాడు. వాడి మాట నమ్మి మీరు ఉప్పు చూశారా?"

"తెలుసు. కానీ తోక ఊపుతాడు. నువ్వు ఇన్నేళ్లలో ఏనాడైనా..." అని ఆపేశారు.

"ఏనాడైనా?"

"ఏమైనా అన్నావా? బాగుందనలేదు, బాగోలేదనలేదు. మొన్న ఆ ఉప్పుగడ్డ పులుసు కూడా గుటక గుటకగా తాగేశావు. నిన్ను చూసి నాకేం తెలుస్తుంది?"

పిడుగూ, నేను వంకలు పెట్టకుండా తినడం మర్యాద అనుకున్నాను. మా అమ్మ అలాగే నేర్పింది. కంచం ఖాళీ చేయడమే మెప్పు అనుకున్నాను. ఆయన అన్నేళ్లూ ఎదురుగా కూర్చుని ఒక మాట కోసం చూశారని నాకు తెలియదు.

మన డాక్టరు దగ్గరికి మర్నాడే తీసుకువెళ్లాను. అలాంటి జ్వరం తర్వాత కొందరికి ఇలా అవుతుందని, నెలలు పట్టొచ్చని, తిరిగి వస్తుందని గట్టిగా చెప్పలేనని అన్నాడు. అప్పటిదాకా తినాల్సిందే అన్నాడు. బరువు నలభై తొమ్మిదీ ఎనిమిది వందలు. నేను ఏమీ దాచడం లేదు.

కుక్కల హాస్టల్ మాట మళ్లీ ఎత్తకు. వాడు ఎక్కడికీ వెళ్లడు.

అమ్మమ్మ


మే 14

అమ్మమ్మా,

చదివి అరగంట బయట నిలబడ్డాను. గాలి లెక్క ఈ గంట కూడా తప్పే.

"వాడి బరువును బట్టి" అని రాసింది నేనే. ఉండాల్సిన బరువని రాయాలని తట్టలేదు. మామూలు మనిషైతే గుప్పెడు పడేసి ఊరుకుంటారనుకున్నాను, నీకు రాస్తున్నానని మర్చిపోయాను. "వంట మానెయ్" అని రాసిందీ నేనే. తాతయ్యకి వేరే కాగితం మీద రాశాను, ఈసారి నువ్వు చదవకు, ఆయన చేతికివ్వు. అందులో క్షమాపణ ఉంది, దానికింద ఒక పని కూడా ఉంది. డబ్బా చేపని తినేలా చేయడం ఎలాగో ఆయన రాసి పంపాలి. మా ఐదుగురి ప్రాణాల సంగతి.

నాకొక ఆలోచన వచ్చింది. జులైలో నేను వచ్చినా మేనేజరుని అక్కడే ఉండనీ. తాతయ్యకి వంట రుచి చూసేవాడు కావాలి కదా, వాడికి ఆ ఉద్యోగం ఇచ్చెయ్. నేను ఆదివారాలు వచ్చి చూసుకుంటాను. ఇప్పుడు చెప్పు, నువ్వే జడ్జివి, కంచంలోది వాడికి పెట్టొచ్చా కూడదా?

తాతయ్య తింటున్నారా?

నీ పిడుగు


మే 25

పిడుగూ,

తాతయ్య యాభై కిలోల తొమ్మిది వందలు. జేబులు ఖాళీ, చెప్పులు విప్పించాను.

పెట్టొచ్చు. డాక్టరు పిల్లని అడిగి రాసుకున్నాను. రోజు తిండిలో పదో వంతు మించకూడదు. ఆ మేరకు సంచి మేత తగ్గించాలి. మేం ఎప్పుడూ తగ్గించలేదు, పైన వేస్తూ పోయాం, మా తప్పు అదీ. ముక్కలు ఉడికాక ఉప్పు, ఉల్లి, నూనె పడకముందే వాడి వాటా తీసి పక్కన పెడుతున్నాం. పది కిలోల కుక్క లెక్కన మేత నూట యాభై గ్రాములు, ముక్కలు రెండు చెంచాలు. వాడు పన్నెండున్నరకి దిగాడు. కళ్లజోళ్ల షాపాయన ఇది తను గెలిచినట్టే అంటున్నాడు. సంచి కంపెనీ కూడా గెలిచినట్టే అని చెప్పాను. ఇద్దరూ గెలిస్తే ఇక వాదన ఏముందని దిగులుపడుతున్నాడు.

రుచి చూసే ఉద్యోగం మాత్రం వాడికి ఇవ్వడం కుదరదు. ఉప్పు పడకముందు తిన్నవాడు ఉప్పు గురించి ఏం చెబుతాడు? పైగా వాడికి అన్నీ బాగుంటాయి. ఆ పని నేను తీసుకున్నాను. వంటగదిలో స్టూలు వేసుకుని కూర్చుంటున్నాను.

మొదటి రోజు బాగా కాలేదు. చెంచా నోట్లో పెట్టి "ఉప్పు సుమారు అరచెంచా పడింది" అన్నాను.

"అది కొలత. రుచి చెప్పు."

"పుల్లగా ఉంది."

"ఎలా పుల్లగా? ముందా, మింగాకా? నాలుక పక్కలా, వెనకా?"

ఈ వయసులో నాకు పరీక్ష పెట్టారు. కళ్లు మూసుకుని మళ్లీ చూశాను. మొదట ఏమీ ఉండదు, తర్వాత దవడల దగ్గర లాగుతుంది, చివర్లో కొంచెం తీపి మిగులుతుంది అన్నాను. ఆయన గరిటె పక్కన పెట్టి, "ఆ చివరి తీపి ఉల్లిది. అది మాత్రం కుదిరిందన్నమాట" అన్నారు. నేను చెప్పినంతసేపూ ఆయన ఖాళీ నోరు కదిలింది. తర్వాత కూర్చుని తిన్నారు. తక్కువే, అయినా కూర్చుని తిన్నారు.

వారం రోజులు అలా మంచి మాటలే చెప్పాను. మర్యాద అంత తొందరగా వదలదు. నిన్న మధ్యాహ్నం వేపుడు చేశారు. చెంచా నోట్లో పెట్టాను. నిజం చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆగాను. పక్కనుంచి మేనేజరు తోక ఊపుతున్నాడు. ఆ తోకని చూడగానే నిశ్చయించుకున్నాను.

"బాగోలేదు" అన్నాను.

"ఏమన్నావు?"

"బాగోలేదండీ. చప్పగా ఉంది, పిండి పిండిగా ఉంది. తొందరపడి దింపారు."

పొయ్యి కట్టేసి నా వైపు తిరిగారు. నలభై ఒక్క ఏళ్లలో ఆయన వంటకి నేను పెట్టిన మొదటి వంక అది. మూడు వందల మంది నోరు మెదపకుండా తిన్నారని, ఈ వేపుడుని ఇలాగే దింపాలని, మందుల గదిలో చెంచాలు లెక్కపెట్టుకునే మనిషికి వేపుడు గురించి ఏం తెలుసని మొదలుపెట్టారు. రుచి తెలిసిన నాలుక నాదని గుర్తు చేశాను. నాలుక ఉంటే చాలదని, దాన్ని వాడటం తెలియాలని అన్నారు. రుచే తెలియని మనిషి రుచి గురించి నాతో నలభై నిమిషాలు పోట్లాడారు. మొహం ఎర్రబడింది. మళ్లీ పొయ్యి వెలిగించి, అదే వేపుడు ఇంకో పది నిమిషాలు ఉంచి, దింపి, చెంచా నా నోటికి అందించారు. బాగుంది. కరకరలాడింది. ఆ మాటే చెప్పాను, ఇంకా బాగా చేయొచ్చని కూడా చెప్పాను.

"కాదు. ఇంతే ఉండాలి. చూడు" అని కంచం లాక్కుని కూర్చున్నారు. నన్ను చూస్తూ, నేను తప్పని రుజువు చేస్తున్నట్టు ప్రతి ముద్దా నమిలి నమిలి తిన్నారు. అయిపోయాక ఇంకో గరిటె వేసుకుని అది కూడా అంతే కోపంగా తిన్నారు.

ఇవాళ పొద్దున నేను లేచేసరికి పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. స్టూలు తెచ్చి వేసి ఉంది. రమ్మని రెండుసార్లు పిలిచారు, మూడోసారి కాంపౌండరుగారూ అన్నారు. వెళ్లాలి.

అమ్మమ్మ